మేకపిల్ల వేసిన అడుగులు

మనం ఎప్పుడు లేస్తామో, ఎప్పుడు పడుకుంటామో, నడుమ ఎంతసేపు ఖాళీగా కూర్చుంటామో రాసుకుపోవడానికి ఒక మనిషి హైదరాబాదు నుంచి లింగంపేటకు బస్సెక్కి వస్తుందా? వస్తుందంటే నేను నమ్మలేదు. 2013 ఎండాకాలం అది. నమ్మి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు బాగా తెలుసు. అప్పుడు తెలియలేదు.

ఆమె పేరు పద్మప్రియ. ముప్పై ఏళ్లుంటాయేమో. యూనివర్సిటీలో పరిశోధన చేస్తుందట. బడిలో ఆటలు నేర్పే చక్రధర్ సార్ ఆమెను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నాను. పక్కన నా పద్నాలుగేళ్ల బిడ్డ సునీల, దాని ఒళ్లోనూ చాట. వాకిట్లో చెప్పుల చప్పుడు వినగానే "లోపలికి పో" అన్నాను. అది చాట ఎత్తుకుని లోపలికి పోయింది. కొత్త మనిషి కనబడితే చాటతో సహా మాయం కావాలని దానికి చిన్నప్పుడే నేర్పాను.

ఎందుకంటే కార్ఖానాలో బీడీ కార్డు నా పేరు మీద ఉంది. మా దిక్కు ఏ ఇంట్లో చూసినా కార్డు ఒక్కరిది, చేసే చేతులు ఇంటినిండా. నేను ఆకు కత్తిరిస్తాను, సునీల చుడుతుంది, మా అత్త గౌరవ్వ బీడీల మూతులు ముడుస్తుంది, అన్నీ కలిసి నా పేరు మీదే కార్ఖానాకు పోతాయి. ఆ కార్డు ఉంటేనే పీఎఫ్, ఆ కార్డు ఉంటేనే బీడీలవాళ్ల దవాఖాన. పిల్లల చేత బీడీలు చేయిస్తే కార్డు రద్దు చేస్తున్నారని పక్కింటి సాలవ్వ చెప్పింది. బిచ్కుంద దిక్కు ఎవరివో పోయాయట. ఎవరివని అడిగితే సాలవ్వకూ తెలియదు. అయినా నేను నమ్మాను. చెడ్డ కబురు నేను వెంటనే నమ్ముతాను. ఎవరైనా మంచి మాట చెబితేనే నాకు అనుమానం.

పద్మప్రియ గడప ముందే కింద కూర్చుంది. అంత మంచి చీర కట్టుకుని మట్టిలో కూర్చోవడం చూసి, ఏదో పని మీద వచ్చిందనుకున్నాను.

"అక్కా, ఆడపిల్లలకు ఇంట్లో పని ఎంత ఉంటుంది, తీరిక ఎంత దొరుకుతుంది, దాన్నిబట్టి వాళ్లు ఆటలో ఎలా ఉంటున్నారు, ఇదే నా పరిశోధన. ఇక్కడ పరుగు నేర్చుకుంటున్న పన్నెండు మంది పిల్లల ఇళ్లకు ఆరు వారాలు వస్తాను."

"తెలుసుకొని ఏం జేస్తరు మేడం?"

"పుస్తకం రాస్తాను."

"ఎవలు సదువుతరు?"

ఆమె నవ్వింది. "నిజం చెప్పాలంటే, ఎక్కువ మంది చదవరు."

చూశారా మరి! ఎవరూ చదవని పుస్తకం కోసం ఆరు వారాలు ఎండలో తిరిగేవాళ్లెవరు? ఈమె లేబర్ ఆఫీసు మనిషే అనుకున్నాను.

ఆమె కొన్ని కాగితాలు ఇచ్చింది. రోజుకొక కాగితం, అరగంటకొక గడి. నాలుగు రంగు పెన్సిళ్లు కూడా ఇచ్చింది. పిల్ల పని చేస్తే ఎర్ర రంగు, ఆడితే నీలం, ఊరికే కూర్చుంటే ఆకుపచ్చ, నిద్రపోతే పసుపు. చదువు రాని తల్లులు కూడా నింపాలని రంగులు పెట్టిందట. నాకు ఏడో తరగతి దాకా చదువు వచ్చు. ఆ మాట నేను చెప్పలేదు.

"కాగితం మీద పేరుండదు అక్కా, నంబరే. మీది పదకొండు. ఇవి నేను చూస్తాను, సార్ చూస్తారు. కంపెనీకి గానీ ఆఫీసులకు గానీ పోవు. మీరు చెప్పింది నేను ఇంకొకరికి చెప్పను."

నేను కంపెనీ మాట ఎత్తనేలేదు. తనే ఎందుకు ఎత్తింది?

చక్రధర్ సార్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "తారమ్మా, జూన్ల ఎల్లారెడ్డిల పరుగు పెడుతున్నం. ఎనిమిది వందల మీటర్లు. ఆటల హాస్టల్‌కు మన దిక్కు నుంచి ఒక్క పిల్ల పేరే పంపాలె. తిండి, సదువు, బట్టలు అన్ని ఆళ్లే సూస్కుంటరు. నా లెక్కల మీ సునీలే ముందున్నది. ఈ కాగితాలు గూడ సూసి పేరు రాస్త. ఉన్నదున్నట్టు నింపుండ్రి" అన్నాడు.

లోపల చాట కింద పెట్టిన చప్పుడు వినబడింది. సునీల అన్నీ వింటోంది.

ఆ హాస్టల్ అంటే దానికి ప్రాణం. పొద్దున అయిదున్నరకే బడి గ్రౌండుకు పోయేది, చెప్పులు లేకుండా ఉరికేది. ఆ రోజు అన్నం తింటూ నన్ను అడిగింది.

"అమ్మా, హాస్టల్ల పొద్దుమూకి ఏం పని జెప్తరు?"

"పనేం ఉండదట. ఉరుకుడేనట."

"ఉరికినంక?"

"పండుకోవాలెనట."

"ఊకెనేనా?" అని అది నా మొహం చూసింది. నమ్మలేదు. నా బిడ్డ కదా!

నిజానికి దాని రోజు ఇలా ఉండేది. గ్రౌండు నుంచి ఏడున్నరకు వచ్చి నీళ్లు పట్టాలి, అంట్లు తోమాలి. పది నుంచి ఒంటిగంట దాకా బీడీలు. తిన్నాక మూడింటి నుంచి ఏడింటి దాకా మళ్లీ బీడీలు. కాగితం మీద మాత్రం పొద్దటి బీడీలకు ఆకుపచ్చ రుద్దాను, సాయంత్రం బీడీలకు నీలం రుద్దాను. అంట్లు తోమడం కూడా ఎర్రగా పెట్టబుద్ధి కాలేదు. ఎర్ర రంగు ఒక్క గడిలో కనబడినా ఎవరో వచ్చి ఇది ఏం పని అని అడుగుతారని భయం. ఎర్ర పెన్సిల్‌ను డబ్బాలోంచి బయటికే తీయలేదు.

సునీలకు పాఠం చెప్పినట్టు చెప్పాను. "ఎవలన్న ఒచ్చి అడిగితె ఏమంటవ్?"

"బీడీలు జెయ్య అంట."

"మరి ఏం జేస్తున్నవ్ అంటె?"

"ఆడుకుంటున్న అంట."

"ఆఁ. గంతే. ఇంకేం మాట్లాడకు."

మా ఆయన సిద్ధిరాములు కామారెడ్డిలో రైసుమిల్లు హమాలీ. ఆదివారం వచ్చి కాగితాలు చూసి తల కొట్టుకున్నాడు. "ఉన్నదున్నట్టు రాయమన్నరు గదనే. అనుమానం పెనుభూతం అంటరు, నిన్ను జూసే అన్నరు."

"నీకేం, సంచులు మోసి సక్కగ పంటవ్. కార్డు నాది" అన్నాను.

ఇంతవరకు బాగానే గడిచింది. రెండో వారం పద్మప్రియ అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి తెచ్చింది. దానికి పట్టీ ఉంది. సునీల నడుముకు కట్టి, "పడుకునేటప్పుడు, స్నానం చేసేటప్పుడు తప్ప తీయొద్దు. ఇది అడుగులు లెక్కపెడుతుంది. ఏ గంటలో ఎన్ని అడుగులు వేశావో దాచిపెడుతుంది" అంది.

కాగితం మీద సాయంత్రం నాలుగు గంటలు ఆట అని రుద్దాను. ఆ నాలుగు గంటలూ పిల్ల బాసిపట్టు వేసుకుని చాట ముందు కదలకుండా కూర్చుంటుంది. పెన్సిల్ నా చేతిలో ఉంది, డబ్బా నా మాట వింటుందా? మమ్మల్ని పట్టుకోవడానికే తెచ్చారని నాకు ఇక రూఢి అయిపోయింది.

ఆ సాయంత్రం డబ్బా విప్పి మా అత్త నడుముకు కట్టాను. ఆమె గడప దాకా నడిచి, మోకాళ్లు పట్టుకుని కూర్చుండిపోయింది. లాభం లేదు. అప్పుడు నా కన్ను మేకపిల్ల మీద పడింది. మూడు నెలల పిల్ల, తల్లి చచ్చిపోతే సునీల సీసాతో పాలు పట్టి పెంచింది. క్షణం నిలవదు. మంచం ఎక్కుతుంది, రోలు ఎక్కుతుంది, దూకుతుంది, మళ్లీ ఎక్కుతుంది. దాన్ని పట్టుకుని పొట్ట చుట్టూ పట్టీ బిగించాను.

మా అత్త బీడీల మూతులు ముడవడం ఆపి చూసింది. "మేకకు గడియారం గట్టినవేందే తారా?"

"గడియారం గాదత్తా. నువ్వు ఊకో."

"ఊకుంట గని, రేపు దానికి గూడ కార్డిప్పిస్తవా ఏంది?"

సునీల పకపకా నవ్వింది. చాలా రోజులకు అది అంతగా నవ్వడం. మేకపిల్ల డబ్బాతో గంతులు వేస్తుంటే మేం ముగ్గురం బీడీలు చేసుకుంటూ చూశాం. కాసేపటికి సునీల నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, సార్‌కు తెలిస్తె?"

"ఎట్ల తెలుస్తది? మేకకు నోరున్నదా?"

నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ రోజు నుంచి మూడు కొట్టగానే డబ్బా మేకకు, ఏడు కాగానే మళ్లీ పిల్లకు.

వారం తిరిగాక పద్మప్రియ వచ్చి డబ్బాను ల్యాప్‌టాప్‌కు తగిలించింది. చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"సాయంత్రం నాలుగు గంటల్లో పద్నాలుగు వేల అడుగులు! ఏం ఆడుతుందక్కా?"

ఏదో ఒకటి చెప్పాలి కదా. "తొక్కుడుబిళ్ల" అన్నాను. "దాన్ల గెంతుడు ఎక్కువుంటది మేడం."

"రోజూ నాలుగు గంటలు తొక్కుడుబిళ్లేనా?"

"పిల్లకు గదే ఇష్టం."

ఆమె సునీల వైపు తిరిగింది. "నువ్వు చెప్పు సునీలా. సాయంత్రాలు ఏం చేస్తావు?"

సునీల తల దించుకుని "ఆడుకుంటున్న మేడం" అంది.

పద్మప్రియ దాని చేతుల వైపు చూసింది. బొటనవేలి చర్మం అరిగి నున్నగా ఉంది, గోళ్ల సందుల్లో తంబాకు. సునీల చేతులు వెనక్కి పెట్టుకుంది. పద్మప్రియ నోటుబుక్కులో ఏదో చిన్నగా గీసుకుని, మా అత్త ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయింది. ఏం గీసిందో చూద్దామని మెడ చాచాను కానీ కనబడలేదు.

మిరుగం కార్తె ఇంకా రాలేదు, వానలు మొదలు కాలేదు. జూన్ మొదటి వారంలో ఎల్లారెడ్డి గ్రౌండులో పరుగు పెట్టారు. పొద్దున్నే ఆటోలో పోయాం. పన్నెండు మంది పిల్లలూ వాళ్ల తల్లులూ వచ్చారు. గాంధారి దిక్కు తండా నుంచి రుక్మాబాయి, ఆమె బిడ్డ రాజి కూడా వచ్చారు. ఉరకడంలో మా సునీలకు పోటీ అంటే రాజి ఒక్కతే.

రుక్మాబాయి నా పక్కన కూర్చుని తన కాగితాలు విప్పింది. అంతా ఎర్రరంగే. నడుమ నడుమ పసుపు. నీలం వెతికినా దొరకదు.

"గిదేంది రుక్మాబాయీ, అంత ఎర్రగ రుద్దినవ్?"

"ఏం జెయ్యాలె తారక్కా? నీళ్లు మోస్తది, కట్టెలు దెస్తది, మేకల గాస్తది, సిన్న పిల్లగాండ్లను ఎత్తుకుంటది. ఉన్నదే రుద్దిన. దాసిపెట్టెతందుకు మా ఇంట్ల ఏమున్నది?"

నీకు కార్డు లేదు కాబట్టి పోయేదేమీ లేదు అనుకున్నాను. ఆమె అమాయకత్వానికి జాలి కూడా పడ్డాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే జాలిపడ్డాను.

చక్రధర్ సార్ ఈల వేశాడు. గ్రౌండు చుట్టూ రెండు చుట్లు. మొదటి చుట్టులో రాజి ముందుంది. రెండో చుట్టు సగంలో సునీల పళ్లు బిగబట్టి దాన్ని దాటేసింది. నేను లేచి నిలబడి, పైట జారినా చూసుకోకుండా, "ఉర్కు బిడ్డా, ఉర్కు!" అని అరిచాను. సునీల మొదట వచ్చింది. రాజి మూడు సెకండ్లు వెనక. సునీల నా దగ్గరికి వచ్చి వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఊపిరి అందక, మాట రాక, నవ్వుతూ నన్ను చూసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

సార్ మా కాగితాలన్నీ పట్టుకుని గ్రౌండు పక్కనున్న బడి వరండాలో కూర్చున్నాడు. ఆయన చూస్తున్నంతసేపూ పద్మప్రియ తల్లుల దగ్గరికి వచ్చి పెన్సిళ్లు తిరిగి తీసుకుంది. రుక్మాబాయి ఎర్ర పెన్సిల్ చెక్కీ చెక్కీ గోరంత మిగిలింది. నేను ఇచ్చిన ఎర్ర పెన్సిల్‌కు కొన్నప్పటి మొన అలాగే ఉంది. పద్మప్రియ రెండింటినీ ఒక అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత డబ్బాలో వేసి మూత పెట్టింది. నా వైపు చూడలేదు.

సార్ పిలిచాడు. అందరం వరండా మెట్ల దగ్గరికి పోయాం.

"రాజి పేరు పంపుతున్న" అన్నాడు.

నా చెవులను నేను నమ్మలేదు. "మా పిల్ల ముందొచ్చింది గద సార్!"

"ఒచ్చింది తారమ్మా. మూడు సెకండ్లు. గని ఈ కాగితాలు సూడుండ్రి. రాజికి పొద్దంత పనే. అరగంట తీరిక లేదు. అయిన గింత ఉరికింది. హాస్టల్ల ఆ పని దప్పితె ఇంకెంత ఉరుకుతదో ఆలోచన జెయ్యుండ్రి. మీ సునీలకు ఇంట్ల పనే లేదు. ఉన్న తీరిక అంత గెంతుడుకే వోతున్నది. రోజుకు పద్నాలుగు వేల అడుగులు, తొక్కుడుబిళ్ల! అంత తీరిక ఉండంగ ఉరికింది గింతే అంటె, హాస్టల్‌కు వోయినంక కొత్తగ ఏం పెరుగుతది? ఒళ్లుకు ఆరాం ఇచ్చుడు తెల్వని పిల్లను పంపితె రేపు నన్నడుగుతరు."

"సార్, ఆ అడుగులు..." అని నోరు తెరిచాను.

"ఆ అడుగులేంది?"

చుట్టూ చూశాను. పదకొండు మంది తల్లులు. అందులో సగానికి పైగా బీడీల ఇళ్లవాళ్లే. ఇక్కడ నోరు జారితే సాయంత్రానికల్లా కార్ఖానాలో తెలుస్తుంది. సునీల నన్నే చూస్తోంది. దాని ఊపిరి ఇంకా కుదుటపడలేదు. చెప్పు అన్నట్టు చూసింది.

"ఏం లేదు సార్" అన్నాను.

సునీల తల తిప్పుకుంది.

ఆటో కోసం గేటు దగ్గరికి పోతుంటే పద్మప్రియ ఒంటరిగా కనబడింది. ఇక ఆగలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని అంతా చెప్పేశాను. బీడీలు, కార్డు, మేకపిల్ల, అన్నీ. ఆమె ఆశ్చర్యపోలేదు. నోటుబుక్కు తీసి చూపించింది. పదకొండు నంబరు పక్కన చిన్న ప్రశ్న గుర్తు ఉంది. ఆ రోజు మా ఇంట్లో గీసుకున్నది అదే.

"సునీల చేతులు చూసిన రోజే పెట్టాను అక్కా. మీ కాగితాలు పుస్తకంలో వాడను."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మరి తెలిసి గూడ సార్‌కెందుకు జెప్పలె? నా బిడ్డ నోట్ల మన్ను వడుతుంటె సూస్కుంట నిలవడ్డవా?"

"అడుగుల లెక్క నమ్మొద్దని సార్‌తో అన్నాను. ఎందుకని అడిగారు. అది మీరు చెప్పాల్సిన మాట. మీ ఇంటి సంగతి ఇంకొకరికి చెప్పనని మొదటి రోజే మీకు మాటిచ్చాను కదా."

ఆరు వారాలూ నేను నమ్మని మాట అదే. దాన్నే ఆమె నిలబెట్టుకుంది.

"ఇప్పుడైనా చెప్పండి అక్కా. సార్ ఇంకా లోపలే ఉన్నారు. పేరు రాసిన కాగితం సాయంత్రానికి గానీ పంపరు."

వెనక్కి తిరిగాను. వరండా మెట్ల మీద రుక్మాబాయి బిడ్డ కాళ్లు ఒళ్లో పెట్టుకుని, కొంగుతో దుమ్ము తుడుస్తోంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. రాజి సిగ్గుపడి కాళ్లు వెనక్కి లాక్కుంటోంది. నేను రెండడుగులు వేసి ఆగిపోయాను. ఆ తల్లి మొహం చూసి ఆగానని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. నిజంగా అందుకే ఆగానా, కార్డు కోసం ఆగానా? ఊళ్లో అందరినీ అనుమానించిన దాన్ని, ఈ ఒక్క సంగతిలో నన్ను నేనే నమ్మలేకపోతున్నాను.

ఆటోలో సునీల నా పక్కన కూర్చోలేదు. డ్రైవరు పక్కన కూర్చుంది. ఇంటికి వచ్చాక ఏడవలేదు, అలగలేదు, అన్నం వద్దనలేదు. మా ఆయన ఆదివారం వచ్చి సంగతి విని, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పరుగైన మర్నాడు పొద్దున సునీల గ్రౌండుకు పోలేదు. మధ్యాహ్నం మూడు కొట్టగానే, నేను పిలవకముందే వచ్చి గడప దగ్గర బాసిపట్టు వేసుకుని చాట ఒళ్లో పెట్టుకుంది. మేకపిల్ల దాని చుట్టూ తిరిగింది, మంచం ఎక్కి దూకింది. సునీల చూడలేదు. దాని వేళ్లు ఆకులో తంబాకు నింపుతున్నాయి, చుడుతున్నాయి, దారం కడుతున్నాయి.

అప్పుడే వాకిట్లో ఎవరివో చెప్పుల చప్పుడైంది. నేను లోపలికి పో అనలేదు. అది కూడా లేవలేదు. సాలవ్వే, అగ్గిపెట్టె కోసం వచ్చి తీసుకుని పోయింది.

పద్నాలుగేళ్లలో ఆ మాట దానితో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు అన్నాను.

"సునీలా, ఆ చాట పక్కకు వెట్టి జరసేపు ఆడుకోపో బిడ్డా."

అది తలెత్తలేదు. చేతులు ఆపలేదు.

"ఆడుకుంటనే ఉన్న గదమ్మా" అంది.